బాయిలర్ వెలిగించని రోజు

ములకలపల్లి,
1991 అక్టోబరు.

అన్నకు,

సమ్మయ్య దండం పెట్టి రాస్తున్నాను. నువ్వు ఈ ఉత్తరం చదవకుండా పక్కన పడేసినా పడేయవచ్చు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

పెత్తరమాస నాడు అమ్మానాన్నల పేరు మీద బియ్యం ఇద్దామని కొత్తగూడెం వచ్చాను. ప్రతి ఏడూ మనిద్దరం కలిసే ఇచ్చేవాళ్ళం. నువ్వు తలుపు తీశావు. నన్ను చూశావు. రమ్మనలేదు, పొమ్మనలేదు. తువ్వాల భుజాన వేసుకుని నా పక్కనుంచే బయటికి వెళ్ళిపోయావు. వదిన ఇంకా పుట్టింట్లోనే ఉన్నట్టుంది, ఇంట్లో అలికిడి లేదు. గడపలో కాసేపు నిలబడి, తెచ్చిన బియ్యం సంచి గోడకు ఆనించి బస్టాండుకు వచ్చేశాను. దారిలో ఎవరో తెలిసినవాళ్ళు పలకరిస్తే అన్న డ్యూటీకి పోయిండని అబద్ధం చెప్పాను.

నాన్న పోయాక ఆయన ఉద్యోగంలో నువ్వు బొగ్గుబాయికి దిగినప్పుడు నీకు ఇంకా మీసాలు కూడా సరిగ్గా రాలేదు. నన్ను మాత్రం దిగనివ్వలేదు. "ఇంటికొక్కడు దిగితె సాలు, నువ్వు మీదనే ఉండు" అన్నావు. ఖమ్మంలో ఐటీఐ చదివించావు. ఇక్కడి ఆసుపత్రిలో నాకు బాయిలర్ పని దొరికిందని చెప్పిన రోజు నువ్వు అప్పుడే బాయి నుంచి వచ్చావు, ముఖం కూడా కడుక్కోలేదు. ఆ మసి ముఖంతోనే నవ్వావు. అలాంటి నిన్ను నేను పదిమంది ముందు తోసి పడేశాను. ఎందుకు తోశానో చెప్పే వీలు నాకు ఇంతవరకు దొరకలేదు.

నువ్వు ఈ బాయిలర్ గదిని ఆ ఒక్కరోజే చూశావు కాబట్టి కాస్త వెనకనుంచి చెబుతాను. ఒకప్పుడు ఇక్కడ కట్టెల బాయిలర్ ఉండేది. అడవి నుంచి కట్టె తేవడం కష్టమయ్యాక గ్యాస్‌తో నడిచేది పెట్టారు. ఆపరేషన్ కత్తులనూ గుడ్డలనూ శుద్ధి చేసే స్టీము అక్కడినుంచే వెళుతుంది. నాకు పని నేర్పడానికి విజయవాడ నుంచి సారంగపాణి గారని ఒక పెద్దాయన వచ్చారు. ఆయనకు కనుబొమలు లేవు. వయసులో ఉన్నప్పుడు ఏదో మిల్లులో తొందరపడి బాయిలర్ వెలిగించబోతే, లోపల నిలిచి ఉన్న గ్యాస్ ఒక్కసారిగా అంటుకుని ముఖం మీదికి కొట్టిందట. పక్కన నిలబడిన మనిషి బతకలేదట. ఆ సంగతి ఒక్కసారే చెప్పారు, మళ్ళీ ఎత్తలేదు.

ఆయన నేర్పిన పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. ముందు తలుపులూ కిటికీలూ బార్లా తీయాలి. ఈ గ్యాసు గాలికంటే బరువు, నేలమీద నీళ్ళలా పాకుతుంది. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని, ముఖం నేలకు దించి వాసన చూడాలి. గాజుగొట్టంలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసుకోవాలి. ఫ్యాను తిప్పి, బాయిలర్ పొట్టలో నిలిచినదంతా పొగగొట్టం గుండా పోయేదాకా ఆగాలి. ఆ తర్వాతే ఒక పక్కకు నిలబడి చిన్న మంట వెలిగించాలి. అది నిలకడగా నిలిచాకే పెద్ద వాల్వు మెల్లగా తెరవాలి. చిన్న మంట అంటుకోకపోయినా, అంటుకుని ఆరిపోయినా, వెంటనే గ్యాస్ మూసి మళ్ళీ ఫ్యాను దగ్గరినుంచి మొదలుపెట్టాలి.

"ఇంకొక్కసారి గీసి చూద్దామనిపిస్తుంది బాబూ. కొంపలు ముంచేది ఆ అనిపించడమే. వాసన గనక వస్తే అగ్గిపెట్టె జోలికి పోకు. బయట సిలిండర్ల దగ్గర కట్టేసి, తాళం జేబులో వేసుకుని వచ్చెయ్. ఎవరు చెప్పినా వెలిగించకు" అన్నారు సారంగపాణి గారు.

ఎవరు చెప్పినా అన్నప్పుడు నాకు డాక్టరమ్మ గుర్తొచ్చింది గానీ నువ్వు గుర్తుకు రాలేదన్నా.

మొన్న ఎండాకాలంలో, నేనున్నానని నువ్వు వదినను ఇక్కడికే కాన్పుకు తీసుకొచ్చిన దానికి ముందురోజు జూలూరుపాడు దారిలో పెళ్ళివాళ్ళ ట్రాక్టరు బోల్తాపడింది. దెబ్బలు తగిలినవాళ్ళందరినీ ఇక్కడికే తెచ్చారు. శుద్ధి చేసి పెట్టిన సామానంతా వాళ్ళకే అయిపోయింది. మర్నాడు పొద్దున నేను బాయిలర్ ఆపి నీళ్ళు మార్చాను. కడిగి సర్దిన డబ్బాలు స్టీము కోసం వరసగా ఎదురుచూస్తున్నాయి. సరిగ్గా ఆ వేళకు నొప్పులతో ఉన్న వదినను దించారు. డాక్టరమ్మ చూసి, కోసి తీయాలి, స్టీము కావాలని నర్సు నాంచారమ్మతో కబురు పంపింది. నేను పరుగున వెళ్ళి తలుపులు తీశాను. సిలిండర్ల దగ్గర వాల్వు తిప్పి వచ్చి, నేలకు వంగాను. వాసన వచ్చింది.

వెంటనే వెళ్ళి మూసేశాను. గది గాలాడేదాకా ఆగాను. ఈసారి వాసన లేదు. మళ్ళీ తెరిచి వచ్చి వంగాను, మళ్ళీ వచ్చింది. గొట్టం అతుకుల మీద సబ్బునీళ్ళు పోసి చూశాను. బుడగ కనిపించలేదు. అయినా వాసన ఉంది. నాంచారమ్మ గుమ్మంలోంచే "నాకేం రాలేదు సమ్మయ్యా" అంది. అప్పుడే నువ్వు వచ్చావు.

"ఇంకెంతసేపురా?" అన్నావు.

"వాసనొస్తున్నదన్నా. ముట్టియ్యరాదు."

నువ్వు లోపలికి తొంగి, తల పైకెత్తి గాలి పీల్చావు. "యాడొస్తున్నది? ఇన్నేండ్ల సంది బాయిల దిగుతున్న. గ్యాస్ సంగతి నాకు జెప్తవా?"

"ఇది గట్ల తెల్వదన్నా..."

"మీ వదిన ఒర్రుతున్నది, ఇనవడ్తలేదా నీకు?"

"ఇనవడ్తున్నది. గీ గోడవతలనే ఉన్నది. అందుకే ముట్టియ్య."

"నీ పానం నీకు గంత తీపైందారా?" అంటూ నువ్వు చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీశావు. బీడీల కోసం పెట్టుకునే అగ్గిపెట్టె. అది నీ చేతిలో చూసేసరికి నాకు అన్న లేడు, వదిన లేదు. రెండు చేతులతో నీ రొమ్ము మీద తోశాను. నువ్వు కాలు తట్టుకుని మెలి తిరిగి, గడపకు అడ్డంగా బోర్లా పడ్డావు. వార్డు ముందు కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నువ్వు వెంటనే లేవలేదు. లేచాక నా ముఖం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయావు. అప్పటినుంచి ఈనాటిదాకా నాతో మాట్లాడలేదు.

నేను వాల్వు కట్టేసి తాళం వేశాను. కిరసనాయిలు పొయ్యి మీద పెట్టే చిన్న ఆవిరి డబ్బా ఒకటి స్టోరులో ఉంటే, మోసుకుపోయి వంటింటి వసారాలో పెట్టి, నాంచారమ్మతో కలిసి పంపు కొడుతూ కూర్చున్నాను. అది ఆవిరి పట్టి, సామాను తయారయ్యేసరికి ఎండ వాలిపోయింది. ఆ తర్వాత సంగతి నీకు తెలిసిందే. ఆడపిల్ల. ఏడవలేదు.

అన్నా, నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. తర్వాత ఖమ్మం నుంచి మెకానిక్ వచ్చాడు. ప్రతి అతుకూ చూశాడు. నా ముందే వెలిగించాడు. మొదటిసారికే అంటుకుంది. "ఏం లేదు భాయ్, వాల్వుల నలక గిట్ల పడితే ఒకోపారి కారుతది, మల్ల అదే పోతది. కారిందో లేదో ఇప్పుడెట్ల చెప్తం" అని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి ఇక్కడ నన్ను అందరూ ఒక రకంగా చూస్తున్నారు. నాకే అనుమానంగా ఉంది. వాసన వచ్చిందన్నది నేనొక్కణ్ణే.

ఈ పని మానేస్తున్నాను. డాక్టరమ్మకు రాజీనామా ఇచ్చాను, ఇంకో మనిషి దొరికేదాకా ఉండమంది. మధిరలో రైసుమిల్లులో బస్తాలు తూచే పని చూసుకున్నాను. నిప్పుతో పని లేదు. తోసినందుకు నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. వెలిగించనందుకు ఏమని అడగాలో నాకు తెలియడం లేదు.

నీ చేతుల మీద పెరిగిన,
సమ్మయ్య.

కొత్తగూడెం,
నవంబరు.

మరిది సమ్మయ్యకు,

మీ వదిన గురవమ్మ రాస్తున్నాను. నేను పుట్టింటి నుంచి వచ్చి కొద్దిరోజులే అయింది. నీ ఉత్తరం మీ అన్న విప్పకుండా రేడియో వెనక పెట్టాడు. దులుపుతుంటే దొరికింది. "ఎవరిది" అని అడిగితే "నీకెందుకు" అన్నాడు. ఆయన డ్యూటీకి పోయాక విప్పి చదివాను. తర్వాత ఎప్పటిలాగే అక్కడే పెట్టాను. నేను నీకు రాస్తున్నట్టు ఆయనకు తెలియదు.

నేను పెళ్ళై వచ్చేనాటికి నువ్వు ఐటీఐ చదువుతున్నావు. ఖమ్మం పోయేటప్పుడల్లా నీకు సద్ది కట్టింది నేనే. కాబట్టి నీతో దాపరికం లేకుండా రాస్తాను. నాకు నీ మీద కోపం ఉంది. అయితే నువ్వు అనుకుంటున్న దానికి కాదు.

ఆ రోజు నాకు సగం తెలుసు, సగం తెలియదు. పక్క మంచం మీద ఒక కోయపిల్ల ఉంది, ముందురోజే కొడుకు పుట్టాడు. నేను అరుస్తుంటే ఆమె తన బిడ్డను అవతలి చేతికి మార్చుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. మత్తు దిగి కళ్ళు తెరిచాక కూడా ఆమే కూర్చుని ఉంది. నా పక్కన ఏమీ లేదు.  ఆమె ముఖం చూస్తే తెలిసిపోయింది. నాంచారమ్మను బతిమాలితే తెచ్చి చూపించింది. తల నిండా జుట్టు. మీ అమ్మ ముక్కు. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

కుట్లు మానేదాకా నేను ఆ మంచం మీదే ఉన్నాను. డాక్టరమ్మ వచ్చింది. ఊడ్చే ఆమె వచ్చి కూర్చుంది. వంటామె చారు తెచ్చింది. నువ్వు రాలేదు. నీ గదికీ నా మంచానికీ మధ్య ఒక్క గోడ. పొద్దున నువ్వు తలుపు తీసే చప్పుడు, నీ దగ్గు, బకెట్ పెట్టే చప్పుడు, అన్నీ నాకు వినబడేవి. ఇవాళ వస్తాడు, ఇవాళ వస్తాడు అనుకునేదాన్ని. మీ అన్న అటు నీ పేరు ఎత్తడు, నువ్వు ఇటు ముఖం చూపించవు. నా బిడ్డ పోతే నేను ఎవరితో ఏడవాలి? బాయిలర్ వెలిగించలేదని నేను నిన్ను ఒక్క మాట అనలేదు. నువ్వు రాలేదు చూడు, అది మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. నీకు నిజంగానే వాసన వచ్చిందా? భయమేసి ఆగావా? నువ్వు ఏది చెప్పినా నేను తట్టుకుంటాను. తెలియకుండా బతకడమే కష్టంగా ఉంది.

ఒంటి సంగతి చూసుకో. మధిర సంగతి తొందరపడకు.

మీ వదిన,
గురవమ్మ.

ములకలపల్లి,
డిసెంబరు.

వదినకు,

నీ ఉత్తరం అందింది. దాన్ని బాయిలర్ గదిలో కూర్చుని చదివాను. జవాబు రాయడానికి ఇన్నిరోజులు పట్టింది.

నేను వచ్చాను వదినా. ఆ సాయంత్రమే వచ్చాను. వార్డు తలుపు దాకా వచ్చాను. నువ్వు లోపల నాంచారమ్మను "ఒక్కపారి సూపియ్యక్కా, మల్ల అడుగ" అంటున్నావు. ఆ మాట విని అక్కడే ఆగిపోయాను. నాంచారమ్మ గుడ్డలో చుట్టి నా ముందునుంచే తీసుకుపోయింది. నేను గోడవైపు తిరిగాను. లోపలికి వచ్చి నీకు ఏ ముఖం చూపించాలో తెలియలేదు. మర్నాడు వద్దామనుకున్నాను. మర్నాడు ఇంకా కష్టమైంది. అలా ఒక్కొక్క రోజూ ముందురోజు కంటే బరువైంది. నువ్వు ఇంటికి వెళ్ళిన రోజున జీపు గేటు దాటేదాకా బట్టలు ఆరేసే తీగల వెనక నిలబడ్డాను. నువ్వు నా చప్పుడు వింటూ ఎదురుచూశావని నాకు తెలియదు. తెలిస్తే పాకుతూ అయినా వచ్చేవాణ్ణి. దీనికి మాత్రం నన్ను క్షమించు.

నువ్వు అడిగినదానికి జవాబు. వాసన వచ్చింది వదినా. భయమూ వేసింది. రెండూ నిజం. ఏది ముందు వచ్చిందో మాత్రం ఇప్పుడు చెప్పలేను. నేలకు వంగిన ప్రతిసారీ సారంగపాణి గారి కనుబొమలు లేని ముఖం నా కళ్ళముందు ఉంది. ఆ ముఖం గుర్తుంటే లేని వాసన కూడా రావచ్చునేమో. మెకానిక్ పోయాక చాలాసార్లు ఆ గదిలో అలాగే వంగి చూశాను. ఎప్పుడూ రాలేదు. వంటామె ఒకసారి నవ్వుతూ "ఇయ్యాల వాసన లేదా సమ్మయ్యా" అంది. ఆమె మనసులో చెడు లేదు. కానీ ఆ పూట అన్నం తినకుండానే లేచి వచ్చేశాను.

కానీ ఒకటి చెబుతాను. ఆ రోజు నేను నా ప్రాణం కోసం ఆపలేదు. నాకు అంతవరకు తెలుసు. ఆ గోడవతల నువ్వున్నావు, నీ పక్కన పచ్చి బాలింతలున్నారు, ముందురోజు ట్రాక్టరు దెబ్బలతో వచ్చినవాళ్ళు వసారా నిండా పడుకుని ఉన్నారు. గోడ ఇటుకలది, పాతది. గ్యాస్ అంటుకుంటే నా ఒక్కడి ముఖంతో పోయేది కాదు. అలా అనుకునే ఆపాను. అనుకున్నది తప్పైతే నీ బిడ్డను నేనే పోగొట్టినట్టు. తప్పు కాకపోతే, నేను కాపాడినదేమిటో ఎవరికీ చూపించలేను. ఈ రెంటి మధ్యా పడి నలుగుతున్నాను.

డాక్టరమ్మ ఒకరోజు తనే గదికి వచ్చింది. రాజీనామా గురించి మాట్లాడుతుందనుకున్నాను. స్టూలు మీద కూర్చుని, "ఒక జత డబ్బాలు ఎప్పుడూ తయారుగా అట్టిపెట్టాల్సింది. అది చూసుకోవలసింది నేను. అది నా లోటు, నీది కాదు" అంది. ఇప్పుడు ఒక జత ఎవరూ ముట్టకుండా బీరువాలో ఉంటోంది. చిన్న ఆవిరి డబ్బాను కూడా స్టోరులోంచి తీసి ఆపరేషన్ గది పక్కనే పెట్టించింది. నా కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు, ఒప్పుకున్నాననీ అనలేదు. మిల్లువాళ్ళు వచ్చే నెలాఖర్లో రమ్మన్నారు. వెళతాను. ఇక్కడ రోజూ అగ్గిపుల్ల గీసేటప్పుడు చెయ్యి వణుకుతోంది. చెయ్యి వణికేవాడు ఈ గదిలో ఉండకూడదు.

అన్నకు నా మీద కోపం పోవాలని నేను అడగను. ఆయన అన్నం తింటున్నాడా, పడుకుంటున్నాడా, అది ఒక్కటి రాయి.

నీ మరిది,
సమ్మయ్య.

కొత్తగూడెం,
1992 జనవరి.

తమ్ముడు సమ్మయ్యకు,

మీ అన్న మంగయ్య రాస్తున్నది. నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదని నీకు తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. మీ వదిన రాసిపెడతానంది, నేను వద్దన్నాను. ఇది నేనే రాయాలి.

ముందు బాయిలో జరిగింది చెప్పి తర్వాత మన సంగతికి వస్తాను.

పోయిన వారం పొద్దుటి షిఫ్టులో మా జట్టు మంచిచెడ్డలు చూసే సర్దారు లాల్‌సింగ్ మమ్మల్ని పనిలోకి దింపకముందు గ్యాస్ చూడడానికి పోయాడు. ఆయన వెంట నేనున్నాను. సర్దారు సేఫ్టీ దీపం వత్తి తగ్గించి, పైకప్పు దాకా మెల్లగా ఎత్తాడు. బాయి గ్యాస్ పైకి తేలుతుంది, వాసన ఉండదు. దీపం మంట మీద నీలంగా టోపీ పెట్టినట్టు కనిపిస్తేనే ఉన్నట్టు. ఆ నీలం నేను కూడా చూశాను. ఆయన దీపం దించి "వాపస్ పోదాం" అన్నాడు. అందరినీ వెనక్కి తీసుకొచ్చేశాడు. గాలి మళ్ళించాక ఆఫీసర్లు దిగి చూస్తే ఏమీ లేదు. షిఫ్టు పోయింది.

పైకి వచ్చాక మనవాళ్ళు లాల్‌సింగ్‌ను పట్టుకున్నారు. "ఏం గ్యాసయ్యా, ఉత్తగ బుగులువడి పని చెడగొట్టినవ్" అని ఒకడు. "ముసలోడైండు, కండ్లు మసక గొడుతున్నయ్" అని ఇంకొకడు. లాల్‌సింగ్ తల వంచుకుని దీపం తుడుచుకుంటున్నాడు. నేను లేచి, "నేను జూసిన. ఆయన పక్కపొంటే ఉన్న. మంట మీద నీలం నిలిచింది. కండ్లార జూసిన" అన్నాను.  లాల్‌సింగ్ తలెత్తి నా వైపు చూశాడు.

తమ్మీ, ఆ మనిషి చూసిన చూపు నేను తట్టుకోలేకపోయాను. షెడ్డు వెనక్కి పోయి కూర్చున్నాను. ఎందుకో చెబుతాను.

ఆ రోజు నువ్వు తోస్తే నేను గడపకు అడ్డంగా బోర్లా పడ్డాను కదా. నా ముఖం నేలకు ఆనింది. అప్పుడు నాకు వాసన వచ్చింది. కుళ్ళిన ఉల్లిగడ్డ వాసనలాగా, ముక్కు నిండా. అనుమానం కాదు, భ్రమ కాదు. నేను నిలబడి తల పైకెత్తి చూసినప్పుడు రాలేదు, నేలకు పడితే వచ్చింది. ఇంకా నా చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉంది. నేను వెంటనే లేవలేదని రాశావు. లేవడానికి కాళ్ళలో బలం లేక కాదు. గోడవతల మీ వదిన అరుపు వినబడుతోంది, ముక్కులో ఆ వాసన ఉంది, చేతిలో అగ్గిపెట్టె ఉంది. ఏం చేయబోయానో అప్పుడు అర్థమైంది.

లేచి నీకు చెప్పాల్సింది. నాంచారమ్మకు చెప్పాల్సింది. చెప్పలేదు. లోపల మీ వదిన అలా ఉంది, అటే పోయాను. సాయంత్రం బిడ్డను చేతుల్లో పెట్టాక ఇక అసలే చెప్పలేకపోయాను. బిడ్డ పోయిన కోపం ఎవరిమీదైనా వేయాలి. దేవుడి మీద వేస్తే ఆయన కనబడడు. నా మీద వేసుకుంటే నేను బతకలేను. నువ్వు దొరికావు. నీ తప్పు లేదని తెలిసీ నీ మీదే వేశాను. పెత్తరమాస నాడు గుమ్మంలో నిన్ను చూసినప్పుడు కోపంతో బయటికి పోలేదు తమ్మీ. నీ ముఖం చూడలేక పోయాను. నీ ఉత్తరం విప్పకపోవడానికీ అదే కారణం. అందులో ఏముంటుందో నాకు ముందే తెలుసు.

బాయి నుంచి ఇంటికి వచ్చి మీ వదినకు అంతా చెప్పాను. ఆమె పొయ్యి మీద అన్నం మాడుతున్నా లేవలేదు. తర్వాత లేచి నీ రెండు ఉత్తరాలూ తెచ్చి నా ముందు పెట్టి, "సదువు. గా పిలగాడు తనకు పిస్స లేసిందనుకుంటున్నడు. ఇన్ని నెలల సంది నువ్వు సప్పుడు చెయ్యకుంట ఎట్లుంటివి?" అంది. అంతే. ఆ రాత్రి నాకు అన్నం పెట్టింది గానీ నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడం లేదు. మాట్లాడకపోవడం న్యాయమే. ఆమె మాట్లాడేదాకా నేను ఎదురుచూస్తాను.

చదివాను. మెకానిక్ మాట రాశావు, వంటామె మాట రాశావు. వాసన వచ్చిందన్నది నువ్వొక్కడివే కాదు. నేను కూడా. డాక్టరమ్మకు కూడా ఒక కాగితం రాశాను, దీనితోపాటే పెడుతున్నాను. ఆ వంటామె కూడా వినేలా పదిమందిలో చదవమని చెప్పు. నువ్వు సిగ్గుపడితే నేనే వచ్చి చెబుతాను. నన్ను తోసింది ఎవరో, పడ్డది ఎవరో చూసినవాళ్ళంతా ఇది కూడా వినాలి.

బిడ్డ సంగతి. వెలిగించి ఉంటే బతికేదేమో. లేక ఆ గోడ మీదపడి బిడ్డతోపాటు తల్లి కూడా పోయేదేమో. నాకు తెలియదు, నీకు తెలియదు, ఎవరికీ తెలియదు. దుఃఖం పోదు. నాకూ పోదు. కానీ అది నీ లెక్కలోది కాదు. అది మా ఇద్దరిదీ, మేము మోసుకుంటాం. నువ్వు మా బిడ్డకు బాబాయివి, ఏడవాలనుకుంటే మాతో కూర్చుని ఏడువు. అటువైపు నిలబడి ఒక్కడివే ఏడవకు.

ఇంకొక మాట. మీ వదినకు మూడో నెల. ఈసారి కంపెనీ దవాఖానాలో చూపిద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ములకలపల్లికే పోతానంది. ఎందుకని అడిగితే, "ఆడ సమ్మయ్య ఉంటడు" అంది. ఈ వారమంతా ఆమె నాతో అన్న మాటల్లో పెద్ద మాట అదే.

కాబట్టి మధిర పోవద్దు. మిల్లువాళ్ళకు రానని కబురు పెట్టు. చెయ్యి వణుకుతోందని రాశావు. నాకు కూడా బాయిలో దిగే ప్రతిరోజూ వణుకుతుంది, నీకు ఎప్పుడూ చెప్పలేదు అంతే. వచ్చే ఆదివారం మేమిద్దరం మొదటి బస్సుకు వస్తున్నాం. మీ వదిన నీతో మాట్లాడాలంటోంది. ముందు ఆమెతో మాట్లాడు. ఆ తర్వాత నేను గది బయట నిలబడతాను. నువ్వు నేలకు వంగి చూసి, బాగుందనుకుంటేనే వెలిగించు. బాగాలేదనిపిస్తే చెప్పు, ఇద్దరం కలిసి సిలిండర్ల దగ్గరికి పోయి మూసేద్దాం.

మీ అన్న,
మంగయ్య.